జూనిపర్ ఎడమ కాలు

రెండేళ్ల కిందటి ఆ వేసవిలో మా దీపూ నాతో కన్నా వెర్నాతో ఎక్కువ మాట్లాడింది. కుళ్ళుతో అంటున్న మాటే గానీ అబద్ధం మాత్రం కాదు.

హెర్న్‌డన్‌లో మా ఇంటి నుంచి వెర్నా పొలానికి గంటా పది నిమిషాలు. వెళ్ళేటప్పుడు దారి పొడుగునా మా పిల్ల ఫోన్ చూసుకునేది, వచ్చేటప్పుడు కళ్ళు మూసుకునేది. మధ్యలో ఐదు గంటలు మాత్రం గుర్రపుశాల గోడకి ఇవతల కార్లో కూర్చున్నా దాని గొంతు వినిపిస్తూనే ఉండేది. అంత నవ్వు దాని దగ్గర ఉందని నాకు తెలీదు.

ఇదంతా శశి చేసిన పని. శశికాంత్ నా మొగుడు. ఎనిమిదో క్లాసు పిల్లలు హైస్కూల్లో చేరేలోగా ఇరవై గంటలు ఎక్కడో ఒకచోట వాలంటీర్‌గా పనిచెయ్యాలని స్కూలు వాళ్ళు చెప్తే, కొండల పక్కన ఎవరో పెద్దావిడ గుర్రాలు పెంచుతోందనీ పేడ ఎత్తడానికి మనిషి కావాలనీ వెతికి పట్టుకొచ్చాడు. "లైబ్రరీలో పుస్తకాలు సర్దే బదులు ఇది నయం, కాస్త ఎండన్నా తగుల్తుంది" అన్నాడు. ఇరవై గంటలు నాలుగు శనివారాల్లో అయిపోయాయి. అయిదో శనివారం నేను కాఫీకి కిందికి దిగేసరికి దీపూ బూట్లు వేసుకుని మెట్ల మీద కూర్చునుంది.

"గంటలు అయిపోయాయి కదే?" అన్నాను.

"అవర్స్ కోసం కాదు అమ్మా. వెర్నా వెయిట్ చేస్తుంది."

వెర్నాకి అప్పటికి డెబ్భై ఒకటి. ఎండిన మునక్కాయలా ఉంటుంది. తెల్లటి జడ, ఒక తుంటి మార్పించుకుంది కాబట్టి కాస్త వంగిన నడక. నలభై ఏడేళ్లుగా ఆమె చేస్తున్నది ఒకటే పని, దూరపు స్వారీ. కొండ దారుల్లో ఒకే గుర్రం మీద, ఒకే రోజులో యాభై మైళ్లు, ఒక్కోసారి వంద. అందరికన్నా ముందొస్తే సరిపోదు. దారిలో రెండు మూడుసార్లు పశువుల డాక్టరు, అంటే వెట్, గుర్రాన్ని ఆపి గుండె వేగం, కాళ్ళు, కడుపు అన్నీ చూస్తుంది. కుంటినా డస్సిపోయినా ఆ రోజుకి ఆట అక్కడితో సరి. చివర్లో కూడా గుర్రం బాగుందని వెట్ అంటేనే పూర్తిచేసినట్టు లెక్క.

ఈ సంగతులన్నీ నాకు దీపూ చెప్పలేదు. వెర్నాతో చెప్తుంటే విన్నాను.

జూన్ చివర్లో ఒకరోజు వానొచ్చి కార్లోంచి లోపలికి పరిగెత్తాల్సి వచ్చింది. జీనులు పెట్టుకునే గది అది. గోడ నిండా ఫోటోలు. దీపూ నాకు మ్యూజియం చూపించినట్టు చూపించడం మొదలుపెట్టింది.

"ఇది క్లెమెంటైన్. సెవెంటీ ఎయిట్‌లో వెర్నా ఫస్ట్ హండ్రెడ్ మైల్స్ దీని మీదే. ఇది దాని కూతురు మాగీ. మాగీ కూతురి కూతురు జూనిపర్, మన జూనిపర్. ఇక్కడ నైన్ లేడీస్ ఉన్నారు కదా, అందరూ ఈ వ్యాలీ వాళ్ళే. ఇప్పుడు వెర్నా, పెగ్ మాత్రమే ఉన్నారు."

"అప్పట్లో జీపీఎస్సులు ఎక్కడివి," అంది వెర్నా, చేతులు తుడుచుకుంటూ. "చెట్లకి కాగితం పళ్ళేలు మేకులతో కొట్టి బాణాలు గీసేవాళ్ళం. సగం పళ్ళేలు ఆవులు తినేసేవి. ఒకే ట్రక్కులో నలుగురు ఆడవాళ్ళం, మొగుళ్ళకి రెండు రోజుల తిండి ఫ్రిజ్‌లో పెట్టి బయల్దేరేవాళ్ళం. ఎనభై ఒకటిలో అయితే దారి తప్పి పక్క రాష్ట్రంలో తేలాం. ఎవరిదో పెళ్ళి జరుగుతోంది. గుర్రాలతో సహా కూర్చోబెట్టి భోజనం పెట్టారు."

దీపూ పకపకా నవ్వింది. ఈ కథ అది ఇంతకు ముందే విన్నదని తెలుస్తూనే ఉంది. మళ్ళీ విన్నా నవ్వొస్తోంది దానికి.

ఒక ఫోటో దగ్గర మాత్రం ఆగకుండా దాటేసింది. ముదురు గోధుమ రంగు గుర్రం. కింద పేరు లేదు.

"అదేమిటి?" అన్నాను.

"ఫాక్స్. దాని గురించి వెర్నా చెప్పదు" అంది చిన్నగా.

తిరిగొస్తుంటే కార్లో ఉండబట్టలేక అడిగాను. "కనకదుర్గ అంటే ఎవరే మనకి?"

దీపూ కళ్ళు తెరిచింది. "అమ్మమ్మ సిస్టర్?"

"మా మేనత్త. నువ్వు నెల పిల్లప్పుడు నలభై రోజులు నీకు స్నానం చేయించింది."

"ఓ. సారీ." మళ్ళీ కళ్ళు మూసుకుంది. గుర్రాల నాలుగు తరాల పేర్లు అప్పజెప్పే పిల్ల!

చిన్న చిన్నవే ఒక్కొక్కటీ గుచ్చుకునేవి. ఆకలవుతుందని డబ్బా నిండా జంతికలు పంపేదాన్ని, ఖాళీ అయి వచ్చేది. మురిసిపోయి రెండింతలు వండాను. తీరా చూస్తే తినేది వెర్నా, వెర్నా కుక్క. ఆఫీసులో పదహారేళ్లుగా నన్ను అందరూ 'చామ్' అంటారు, నేనూ పలుకుతాను. ఈవిడ మూడు వారాల్లో 'చాముండేశ్వరి' అని పూర్తిగా, ఒత్తులతో సహా అనడం నేర్చుకుంది. నేర్పింది నా కూతురు. నిజానికి సంతోషపడాల్సిన విషయం. ఆవిడ అలా పిలిచినప్పుడల్లా నా పేరు కూడా లాగేసుకున్నట్టుండేది నాకు.

జూలైలో అసలు దెబ్బ తగిలింది.

ఆ రోజు ఎండ మాడిపోతోంది. జూనిపర్‌ని బయట నిలబెట్టి వెర్నా గొట్టంతో కాళ్ళ మీద చల్లనీళ్ళు పడుతోంది. పగ్గం పట్టుకోమని నాకిచ్చింది. బూడిదరంగు ఆడగుర్రం, పద్దెనిమిదేళ్ల వయసు, అంటే గుర్రాల్లో పెద్దముత్తైదువ. దూరంగా కంచె పక్కన దీపూ ఓటిస్‌ని నడిపిస్తోంది. ఓటిస్ ఎర్రటి మగగుర్రం, వెర్నా దాన్ని దీపూకే వదిలేసింది.

"హైస్కూల్లోనన్నా దానికి ఒక తోడు దొరికితే బాగుణ్ణు," అంది వెర్నా, నీళ్ళ మీంచి చూపు తిప్పకుండా. "ఏడాదంతా లైబ్రరీలో ఒక్కతే కూర్చుని లంచ్ తినడం చిన్న విషయం కాదు, ఆ వయసులో."

నా చేతిలో పగ్గం బిగిసింది. గుర్రం తల ఎత్తింది.

"అవును" అన్నాను. "మేమూ అదే అనుకుంటున్నాం."

అబద్ధం. రోజూ సాయంత్రం "లంచ్ తిన్నావా?" అని అడిగేదాన్ని. "తిన్నా" అనేది. డబ్బా కడిగేదాన్ని. ఎవరితో తిన్నావని ఏడాదిలో ఒక్కసారి కూడా అడగలేదు.

వెర్నా నా మొహం చూసి గొట్టం పక్కకి తిప్పింది. "నీకు తెలుసనుకున్నాను" అంది.

"తెలుసు" అన్నాను మళ్ళీ.

ఇంటికొచ్చాక శశితో చెప్పాను. "ఎవరో ఒకరికి చెప్పుకుంది కదా, చాము. లోపల పెట్టుకోలేదు. సంతోషించు" అన్నాడు.

"నేను ఎవరో ఒకదాన్ని కాదుగా."

"కాదు. అందుకే చెప్పలేదేమో."

ఆ మాటకి రెండు రోజులు శశితో సరిగ్గా మాట్లాడలేదు. దీపూతో అయితే ఎలా మాట్లాడాలో అర్థం కాలేదు. తెలిసిపోయిందని చెప్తే వెర్నాని కూడా నమ్మడం మానేస్తుంది. మానెయ్యాలనే నాకుంది. మానేస్తే మళ్ళీ ఎవరితో చెప్పుకుంటుంది అని భయం. రెండూ ఉన్నాయి.

ఆ తర్వాత నేను కార్లో కూర్చోవడం మానేశాను. లోపలికెళ్ళి పని అడిగాను. కాపలా కాయడానికి వెళ్ళానని ఒప్పుకుంటాను. పేడ ఎత్తాను, గడ్డి మోపులు లాగాను, చేతులు బొబ్బలెక్కాయి. వెర్నా ఒకసారి తన చేతి తొడుగులు తెచ్చి గోడ మీద పెట్టి వెళ్ళింది. వాటిని వేసుకోలేదు నేను.

ఆగస్టులో దీపూ నాకు కాళ్ళు చూడటం నేర్పింది. ఓటిస్ ముందు కూర్చోబెట్టి నా రెండు చేతులూ పట్టుకుని గుర్రం రెండు ముందుకాళ్ళ వెనకవైపు పెట్టింది. మోకాలి కింద తాడులాగా ఒక నరం దిగుతుంది అక్కడ.

"ఒక కాలు చూసి చెప్పలేవు. టూ లెగ్స్ కంపేర్ చెయ్యాలి. ఒకటి వేడిగా ఉందా, ఒకటి లావుగా ఉందా. కళ్ళు మూసుకో అమ్మా. కళ్ళు తెరిస్తే తెలీదు."

మూసుకున్నాను. గుర్రం కాళ్ళ వేడి ఏమీ తెలియలేదు నాకు. నా చేతుల మీద దాని చేతులున్నాయి, అంతే తెలుస్తోంది. ఎన్నేళ్లయిందో అది నా చేతులు పట్టుకుని. "ఏమైనా తెలుస్తోందా?" అని అడిగింది. "ఇంకొంచెంసేపు చూస్తాను" అన్నాను.

తర్వాత తర్వాత నిజంగానే తెలియడం మొదలైంది. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. పక్కవాళ్ళ పనిలో తప్పులు పట్టడానికే నాకు జీతం.

సెప్టెంబరులో ఒక ఫారం తెచ్చింది. అక్టోబరు మూడో శనివారం, లోయ అవతల కొండల్లో యాభై మైళ్ల రైడ్. వేసవిలో రెండు చిన్నవి, ఇరవై అయిదు మైళ్లవి, చేసింది వెర్నాతో. ఇది మొదటి పెద్దది. పదహారేళ్లలోపు పిల్లలు ఒంటరిగా పోకూడదు. పెద్దవాళ్ళు ఒకరు మొదట్నుంచి చివరిదాకా పక్కనే స్వారీ చెయ్యాలి. ఆ పెద్దమనిషిని స్పాన్సర్ అంటారట.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పద్నాలుగేళ్లు మా ఇంట్లో ఆ మాట దేవుడి తర్వాత మాట. ముందు శశి వీసాకి ఒక కంపెనీ స్పాన్సర్, తర్వాత నా వీసాకి ఇంకొకటి. స్పాన్సర్ చెయ్యి వదిలేస్తే అరవై రోజుల్లో పెట్టె సర్దుకోవాలి. గ్రీన్ కార్డులు వచ్చిన రోజున ఇక ఈ ఇంట్లో ఎవరికీ స్పాన్సర్ అక్కర్లేదని లడ్డూలు పంచాను. ఇప్పుడు నా కూతురికి స్పాన్సర్ వచ్చింది, పేరు వెర్నా.

ఫారం ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పదకొండు రోజులుంది.

"అమ్మా, సైన్ చెయ్ ప్లీజ్. లాస్ట్ డేట్ ఫ్రైడే."

"చూస్తాను."

"యూ ఆర్ జెలస్."

"ఎవరిని చూసి?"

అది ఆలోచించింది. "ఐ డోంట్ నో. గుర్రాన్ని చూసా?"

శశి సోఫాలోంచి నవ్వాడు. నేను పెన్ను తీసుకుని పెట్టేశాను. తల్లిదండ్రుల సంతకానికి ఇచ్చిన గీత ఎంత చిన్నదంటే నా పేరు పట్టక చివరి అక్షరాలు స్పాన్సర్ గడిలోకి పోయాయి.

రైడ్ రోజున శశికి ఆఫీసులో రిలీజ్ పడింది. నేనొక్కదాన్నే వెళ్ళాను, సాయం మనిషిగా. కొండ అడుగున పెద్ద బీడు, దాని నిండా ట్రక్కులు, గుర్రాల్ని తెచ్చే ట్రెయిలర్లు. ఆకులన్నీ పండిపోయి ఉన్నాయి. మూడు చుట్లు, ప్రతి చుట్టూ తిరిగి ఇక్కడికే వస్తుంది. చుట్టుకీ చుట్టుకీ మధ్య గంట విశ్రాంతి, వెట్ పరీక్ష. నా పని బకెట్లలో నీళ్ళు సిద్ధంగా ఉంచడం, వచ్చిన గుర్రాల మెడ మీదా ఛాతీ మీదా స్పాంజితో తడపడం, గుండె వేగం అరవై నాలుగుకి దిగేదాకా.

పొద్దున్న ఆరున్నరకి బయల్దేరారు. మంచులో రెండు గుర్రాలు పక్కపక్కనే, ఒక తెల్ల జడ, ఒక నల్ల జడ. పక్కనున్న ఒకావిడ నాతో, "మనవరాలా?" అంది వాళ్ళని చూపించి. "నా కూతురు" అన్నాను, కాస్త గట్టిగానే.

మొదటి చుట్టు బాగా జరిగింది. రెండో చుట్టు ముగించుకుని పన్నెండున్నరకి వచ్చారు. ముప్పై మూడు మైళ్లు అయ్యాయి. దీపూ మొహం దుమ్ము కొట్టుకుపోయి వెలిగిపోతోంది. "అమ్మా, పైన ఒక బేర్ కనిపించింది! వెర్నా పాట పాడింది, అది వెళ్ళిపోయింది!" అంటూ ఓటిస్‌ని నీళ్ళ దగ్గరికి లాక్కెళ్ళింది.

నేను జూనిపర్ కాళ్ళు తడుపుతున్నాను. ఎడమ ముందుకాలు వెనకవైపు చెయ్యి పెట్టగానే ఆగిపోయాను. కుడికాలు పట్టుకున్నాను. మళ్ళీ ఎడమది. కళ్ళు మూసుకున్నాను. వేడి. పెద్దగా కాదు, కానీ ఉంది. వేలితో నొక్కితే గుర్రం కాలు కొంచెం వెనక్కి తీసుకుంది.

తల ఎత్తి చూశాను. వెర్నా పైనించి నన్నే చూస్తోంది. తడిబట్ట తెచ్చి ఆ కాలికి చుట్టింది, కాసేపయ్యాక విప్పేసింది. "పద, వరసలో నిలబడదాం" అంది.

వెట్ చిన్న పిల్లే, ముప్పై ఉంటాయేమో. ఓటిస్‌ని చూసి బాగుందంది. తర్వాత జూనిపర్. గుండె చప్పుడు విని, చిగుళ్ళు నొక్కి చూసి, చిన్నగా పరిగెత్తించి తెమ్మంది. వెర్నా మెత్తటి గడ్డి మీద తీసుకెళ్ళి తెచ్చింది. నాకైతే తేడా కనిపించలేదు.

"బాగానే ఉంది. మీరేమైనా గమనించారా?" అంది వెట్, కార్డు మీద పెన్ను పెట్టి.

"లేదు" అంది వెర్నా.

ఆ క్షణంలో నాకేమనిపించిందో ఇన్నాళ్లకి కూడా సరిగ్గా చెప్పగలను. ముందు నా గుండె తేలికపడింది. ఆ తర్వాతే నోరు తెరిచాను.

"డాక్టర్, ఎడమ ముందుకాలు. వెనకవైపు. ఒకసారి చూడండి."

వెట్ వంగి రెండు చేతులతో పట్టుకుంది. చాలాసేపు పట్టుకుంది. ఈసారి గట్టి నేల మీద, గుండ్రంగా పరిగెత్తించమంది. మూడో అడుగుకి జూనిపర్ తల ఒకసారి ఊగింది, నాలుగో అడుగుకి మళ్ళీ.

"సారీ వెర్నా," అంది ఆ పిల్ల. "ఇవాళ్టికి చాలు."

వెర్నా తలూపింది. దీపూ నావైపు తిరిగింది. దుమ్ములో దాని కళ్ళు మాత్రం తెల్లగా కనిపిస్తున్నాయి.

"నీకు ఇదే కావాలి కదా అమ్మా."

నలుగురూ ఉన్నారు. ఎవరికీ తెలుగు రాదు. అయినా అందరికీ అర్థమైనట్టే అనిపించింది.

స్పాన్సర్ ఆగిపోతే పిల్లా ఆగిపోవాలి, ఇంకొకరు ఒప్పుకుంటే తప్ప. వెర్నా కుంటుకుంటూ వెళ్ళి డేల్ అనే ఒక ముసలాయన్ని తెచ్చింది. వెస్ట్ వర్జీనియాలో గొర్రెలు పెంచుతాడట, తొందరేమీ లేని మనిషి. దీపూ పోనంది. "నువ్వు లేకపోతే నేను వెళ్ళను" అంది వెర్నాతో ఇంగ్లీషులో. వెర్నా దాని హెల్మెట్ పట్టీ బిగించి, "ఓటిస్‌కి నేను అక్కర్లేదు. ఓటిస్‌ని అడుగు" అంది. ఒంటిగంట నలభైకి డేల్ వెనకాల బయల్దేరింది. నావైపు చూడలేదు.

మూడున్నర గంటలు వెర్నా, నేను, మధ్యలో ఆ గుర్రం. కాలికి ఐసు కట్టి, మడత కుర్చీలు వేసుకుని కూర్చున్నాం.

"పాతిక మైళ్ల దగ్గరే నాకు తెలిసింది," అంది వెర్నా, చివరికి. "దిగుడులో అడుగు పొట్టిగా వేస్తోంది. నలభై ఏడేళ్ల నుంచి ఎక్కుతున్నాను, నాకు తెలీదా?"

"మరి ఎందుకు చెప్పలేదు?"

"ఎనభై ఏడులో ఫాక్స్ విషయంలోనూ చెప్పలేదు. మైలు మైలుకీ, ఇంకో మైలు చూద్దాం అనుకున్నాను. అది మళ్ళీ కొండ దిగలేదు. ఆ రోజు ఒట్టు పెట్టుకున్నాను." జూనిపర్ మెడ మీద చెయ్యి వేసింది. "ఇవాళ ముగింపు గీత దగ్గర దీపూ పక్కన ఇంకెవరో ఉంటారంటే తట్టుకోలేకపోయాను. నేనే ఉండాలనుకున్నాను. అంతే. ఇంకే కారణం లేదు."

నేను ఐసు సంచీ సర్దాను. సర్దాల్సిన అవసరం లేదు.

"కాలు వేడిగా ఉందని ముందు మీకు చెప్పాల్సింది," అన్నాను. "ఇంకెవరి గుర్రమైనా అయితే యజమానికి చెప్పేదాన్ని. వెట్‌కి చెప్పాను. చెప్పేటప్పుడు సంతోషంగా ఉంది నాకు."

"తెలుసు," అంది వెర్నా. "నీ మొహం చూశాను." ఐసు సంచీ కేసి చూసి, "కాలు మాత్రం వేడిగానే ఉంది కదా, చాముండేశ్వరీ" అంది.

ఆవిడ నోటివెంట నా పేరు మొదటిసారి గుచ్చుకోకుండా విన్నాను.

అయిదూ ఇరవైకి కొండ మలుపులో రెండు గుర్రాలు కనిపించాయి. ఇద్దరం ఒకేసారి లేచాం. ఇద్దరం గీత దగ్గరికి పరిగెత్తినంత పని చేశాం, ఆవిడ తుంటితో, నేను బకెట్‌తో. దీపూ గీత దాటింది, దూకినట్టు దిగింది. నేను చేతులు చాచాను. వెర్నా కూడా చాచింది. అది మా ఇద్దర్నీ దాటుకుని ఓటిస్ ముందుకెళ్ళి జీను బెల్టు వదులు చేసింది, ముందుకాలి వెనక చెవి పెట్టి గుండె విన్నది.

"నీళ్ళు," అంది, ఎవరివైపూ చూడకుండా.

ఇద్దరం ఒకే బకెట్ పట్టుకున్నాం.

వెట్ బాగుందంది. యాభై మైళ్లు పూర్తి. డేల్ టోపీ తీసి ఓటిస్‌కి సలాం కొట్టాడు. దీపూ అప్పుడు ఏడ్చింది, గుర్రం జూలులో మొహం పెట్టుకుని.

మర్నాడు వెర్నా ఫోన్ చేసింది. నాకు కాదు, దీపూకి. తనకి ముందే తెలుసనీ దాచిపెట్టాననీ చెప్పేసింది. చెప్పకపోతే తప్పంతా నా మీదే ఉండిపోయేది. అలా ఉండనివ్వచ్చు ఆవిడ. ఉండనివ్వలేదు.

దీపూ ఫోన్ పెట్టేసి గదిలోకెళ్ళి తలుపేసుకుంది. తర్వాతి శనివారం లేవలేదు. ఆ పై శనివారం కూడా. వెర్నా మీద కోపం, నా మీద కోపం. వేసవంతా నేను కోరుకున్నది ఇదే, శనివారం పూట నా కూతురు నా ఇంట్లో. ఇప్పుడు ఉంది, పైన, మంచం మీద గోడవైపు తిరిగి. పెసరట్లు వేసి పిలిస్తే వచ్చి తిని వెళ్ళేది.

ఆ రెండో శనివారం పెసరట్టు కంచం కడిగేటప్పుడు, వెనక్కి తిరక్కుండానే, "స్కూల్లో లంచ్ ఎక్కడ తింటున్నావే?" అని అడిగాను.

వెళ్ళిపోయిందేమో అనుకున్నాను.

"అనిక అని ఒక అమ్మాయి. ఆర్ట్ రూమ్‌లో," అంది. తర్వాత, "వెర్నా చెప్పిందా, లాస్ట్ ఇయర్?"

"నాకు తెలుసనుకుని అంది. తెలుసని అబద్ధం చెప్పాను."

"వై?"

"నాకు తెలీకపోవడం సిగ్గేసి."

అది మెట్లెక్కి గదిలోకి వెళ్ళింది కానీ తలుపు వెయ్యలేదు.

జూనిపర్ కాలికి నరం సాగింది, ఆర్నెల్లు కట్లు కట్టాలి. ఇక దూరాలు పోలేదు. వెర్నా తుంటితో నేల మీద కూర్చుని లేవలేదు కాబట్టి శనివారం శనివారం నేను వెళ్ళడం మొదలుపెట్టాను. ఎవరూ పిలవలేదు. మొదటిరోజు వెర్నా తలుపు దగ్గర నిలబడి, "ఒక్కదానివేనా?" అంది. "ఒక్కదాన్నే" అన్నాను. పక్కకి జరిగి దారిచ్చింది. కట్టు కట్టడం నేర్పింది. నేను ఆ గోడ మీది తొడుగులు వేసుకున్నాను. నవంబరంతా ఇలాగే. గంటలు గంటలు మాట్లాడుకున్నామని చెప్పను. ఆవిడ పాత కథలు చెప్పేది, నేను వినేదాన్ని, కొన్నిచోట్ల నవ్వేదాన్ని.

డిసెంబరు మొదటి శనివారం మెట్ల దగ్గర బూట్లు తొడుక్కుంటున్నాను. దీపూ పైజమాతో దిగి వచ్చింది.

"ఎక్కడికి వెళ్తున్నావు?"

"జూనిపర్‌కి కట్టు మార్చాలి."

"ప్రతి వీక్ నువ్వేనా వెళ్తున్నది? ఆఫీస్ అనుకున్నా." రెయిలింగ్ పట్టుకుంది. "నిన్ను దగ్గరికి రానిస్తుందా?"

"రానిస్తుంది. జేబులో ఏమైనా ఉందేమోనని వెతుకుతుంది కూడా."

దాని మొహం మారింది. పెదవి బిగిసింది, కళ్ళు చిన్నవయ్యాయి. ఆ మొహం నాకు బాగా తెలుసు. జూన్ నుంచి అక్టోబరు దాకా కారు అద్దంలో చూసుకున్న మొహమే.

"నీకు బ్యాండేజ్ కట్టడం రాదు," అంది.

"వచ్చు. వెర్నా నేర్పింది."

"ఎటునుంచి చుడతావు? కాలి ముందు నుంచి వెనక్కా, వెనక నుంచి ముందుకా?"

ముందు నుంచి వెనక్కి. ఎదురు తిప్పితే నరం ఒరుసుకుపోతుంది. వెర్నా మొదటిరోజే చెప్పింది, ఆరుసార్లు విప్పించి కట్టించింది. నిద్దట్లో లేపి అడిగినా చెప్తాను.

"వెనక నుంచి ముందుకి," అన్నాను.

"ఓ మై గాడ్, అమ్మా!" అని అరిచి, పైజమా మీదే బూట్లు లాక్కుంది.